పచ్చ డబ్బా మీద ఎర్ర గీత

కొటేషన్‌లో అర్థం కాని మాట కనబడితే దాని మీద ఎర్ర గీత గీసెయ్యడం. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు పేరు తెచ్చిన విద్య ఇదొక్కటే. ఇప్పుడు కొత్తగా పర్చేజు విభాగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి, బేరం ఎట్టా చెయ్యాలో రెండు ముక్కలు చెప్పమంటారు. చెప్తాను. కానీ ముందు ఈ సంగతి వింటేనే చెప్తానని షరతు పెడతాను. బేరం నేర్పేవాడు ఊరికే ఎట్టా ఇస్తాడు?

నేను పుట్టి పెరిగింది గూడూరులో, ఇనప సామాన్ల కొట్టు వెనక గదిలో. మేకులు, గొళ్ళేలు, బందులు, తాళాలు. అక్షరాలు రాకముందే తాళాన్ని చేతిలో పెట్టుకుని బరువు చూసి అది ఏ రకమో చెప్పేవాణ్ణి. మా నాయనకి రెండే నమ్మకాలుండేవి. అమ్మేవాడు మనకి తెలియని మాట వాడినాడంటే అక్కడే వాడి లాభం దాచిపెట్టినాడని ఒకటి. బజార్లో ఏ అలికిడి వినబడినా, అదేందో కనుక్కోకముందే షట్టరు దించాలని రెండోది. ఒకసారి ఎద్దు బెదిరి వీధిలో పరిగెత్తుకొస్తుంటే ఒక్క ఊపులో షట్టరు దించేసినాడు. బయట మెట్టు మీద నిలబడి ఉన్న నన్ను మర్చిపోయినాడు. నేను పక్క కొట్టు గోతాల మీదికి ఎగబాకి బతికినాను. సాయంత్రం మా అమ్మ నిలదీస్తే, "సరుకంతా భద్రంగానే ఉండాది గదా" అన్నాడంట. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానో తర్వాత మీకే తెలుస్తుంది. నాకు మాత్రం తెలియడానికి నలభై ఏళ్ళు పట్టింది.

ఉద్యోగం చివరి పదేళ్ళు మైపాడుకీ కృష్ణపట్నానికీ మధ్య ఒక రొయ్యల ఫ్యాక్టరీలో పర్చేజు ఆఫీసరుగా చేసినాను. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల్ని తలలు తీసి, ఒలిచి, గడ్డకట్టించి పెట్టెల్లో పైదేశాలకి పంపడం అక్కడి పని. ఒలిచే హాలులో నలభై మంది ఆడవాళ్ళు, గమ్‌బూట్లు, ఏప్రాన్లు, నెత్తిన టోపీలు, ముక్కుకి గుడ్డలతో నిలబడి పని చేస్తారు. కళ్ళు తప్ప ఏమీ కనబడవు. ఆ నలభై జతల కళ్ళల్లో ఒక జతకి నేనంటే భయం లేదు. అవి మేస్త్రీ అక్కవి.

అక్కడ అందరూ ఆమెని మేస్త్రీ అక్క అనే పిలిచేవాళ్ళు. నాకంటే పదేళ్ళు చిన్నదైనా నేనూ అట్టాగే పిలిచేవాణ్ణి. మైపాడు దగ్గర ఒక పల్లె ఆమెది, భర్త పడవ మీద వేటకి పోతాడు. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునే గొంతు. మిగతా ఆరు రోజులూ ఆ గొంతు నా మీదికే వచ్చేది. నేను తక్కువ ధరకి కొన్న చేతి తొడుగులు చిరిగిపోతే వాటిని తెచ్చి నా బల్ల మీద వరసగా పరిచి, "మీ బేరాలు చూసుకోండి సార్, వేళ్ళన్నీ బయటకొచ్చి మీకు దండం పెడతుండాయి" అనేది.

ఒకసారి సరుకు కొనే పైదేశం వాళ్ళు ఆడిట్ అని వచ్చి ఫ్యాక్టరీ చూసిపోయి ఒక ఉత్తరం రాసినారు. ఒలిచే హాల్లోకి ఎవరు పడితే వాళ్ళు రాకూడదు, వచ్చినవాళ్ళ లెక్క ఉండాలి, తలుపులకి కార్డు తాళాలు, అలారాలు పెట్టాలని. మా ఓనరు గారు మంచి మనిషే. కాకపోతే ఎవరన్నా ఒక్కటి పెట్టమంటే రెండు పెట్టే రకం. లోపలికి రావడానికి కార్డు అడిగితే, బయటికి పోవడానికి కూడా కార్డే పెట్టించమన్నాడు. ఎవరు ఎంతసేపు బయట తిరుగుతున్నారో తెలుస్తుంది గదా అని. కొనే పని నాకు అప్పజెప్పినాడు.

అలారాల కంపెనీ నుంచి వచ్చిన ఇంజినీరు ఒక అమ్మాయి. నిండా ముప్పై ఉండవు. ఊరేదని అడిగితే గూడూరంది. నాకు లోపల సంతోషమేసింది. మా ఊరమ్మాయి అయితే బేరం ఇంకో నాలుగు మెట్లు దించొచ్చని.

ఆమె కొటేషన్ ఆరు పేజీలు. జోన్ అంట, డోర్ కాంటాక్ట్ అంట, బోల్ట్ సెన్సర్ అంట, ఫెయిల్ సేఫ్ అంట. ఒక్కో మాటకీ నా ఎర్ర కలం దురద పెడుతోంది. తలుపు దగ్గర పెట్టే సామాను వరసలో రెండు డబ్బాలున్నాయి. రెండిటికీ ముందు చిన్న పలక, నొక్కితే పగిలేది. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. ధర ఇంచుమించు ఒకటే.

"ఏమ్మా, మేం బజారు మనుషులం," అన్నాను. "ఒకే డబ్బాకి రెండు రంగులేసి రెండుసార్లు అమ్మడం మా ఇంట్లోనే కనిపెట్టినారు. పచ్చది తీసెయ్."

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఎర్రది నొక్కితే గంటలు మోగుతాయి, అందరికీ తెలుస్తుంది. పచ్చది నొక్కితే ఆ తలుపు తాళం ఊడిపోతుంది, లోపలున్నవాళ్ళు బయటపడతారు. ఒకటి చెప్పేది, ఒకటి తెరిచేది.

తెరవడానికి కార్డుంది గదా అన్నాను. గీత కొట్టినాను.

తర్వాత బోల్ట్ సెన్సర్. తలుపు మూసి ఉందో లేదో చెప్పడానికి డోర్ కాంటాక్ట్ అనే అయస్కాంతం ముక్క ఒకటి ఉండగా, మళ్ళీ ఇదెందుకన్నాను. తలుపు మూసి ఉండటం వేరు, తాళం పడి ఉండటం వేరు సార్, రెండూ ప్యానెల్‌కి విడివిడిగా తెలియాలి అంది. మూసిన తలుపుకి తాళం పడకుండా ఎక్కడికి పోతుంది? గీత.

అసలు గొడవంతా తాళాల దగ్గర వచ్చింది. ఆమె రాసినవి ఫెయిల్ సేఫ్ తాళాలు. అంటే ఏందమ్మా అంటే, కరెంటు పోతే వాటంతట అవే తెరుచుకుంటాయి అంది.

తాళాల కొట్లో పుట్టినవాడితో అనాల్సిన మాటా అది? నేను నవ్విన నవ్వుకి పక్క గదిలోంచి అకౌంటెంటు వచ్చి చూసిపోయినాడు. కరెంటు పోతే తెరుచుకునే తాళాన్ని మా నాయన కొట్లో పెట్టి ఉంటే గూడూరు దొంగలంతా ఆయన ఫోటోకి దండేసి ఉండేవాళ్ళన్నాను. మా ఫ్యాక్టరీకి రోజూ కరెంటు పోతుంది, పోయినప్పుడల్లా తలుపులు బార్లా తెరుచుకుంటే రొయ్యలు నడుచుకుంటూ సముద్రానికి పోతాయి, కరెంటు పోయినా బిగిసి ఉండే రకం లేదా అని అడిగినాను. ఉంది, దాన్ని ఫెయిల్ సెక్యూర్ అంటారు, కానీ మనుషులు పనిచేసే హాలుకి, అదీ రెండు వైపులా కార్డున్న తలుపుకి అది పెట్టకూడదు అంది. అది కొంచెం చవకే అని కూడా చెప్పింది. ఆ ఆఖరి ముక్క తప్ప మిగిలిందేదీ నా చెవిలోకి పోలేదు.

ఆ అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. మర్నాడు మళ్ళీ వచ్చింది. రెండు కాగితాల మీద తన చేత్తో, తెలుగులో, కొటేషన్‌లో ఉన్న మాటలన్నిటికీ అర్థాలు రాసి తెచ్చింది. "ఒక్కసారి చదవండి సార్. చదివినాక కూడా వద్దంటే మా మేనేజరు మీరు చెప్పినట్టే పెట్టమన్నారు" అంది. చదువుతానన్నాను. ఆ కాగితాల వెనక వైపు తెల్లగా, నున్నగా ఉండింది. దాని మీద ఆ నెల కొనాల్సిన చీపుర్లు, ఫినాయిలు, బ్లీచింగు పొడి జాబితా రాసుకున్నాను. జాబితా పని అయిపోయినాక ఫైలులో అడుగున పెట్టినాను. మార్పులన్నీ కస్టమరు కోరిక మీదే అని ఆమె రాయించుకున్న కాగితం మీద మాత్రం నిండు సంతకం పెట్టినాను. కొటేషన్ మూడో వంతు తగ్గింది. ఓనరు గారు నా భుజం తట్టినాడు. ఆ వారం నేను నేల మీద నడవలేదు.

తాళాలు వచ్చినాయి. గేటు గదిలో ప్యానెల్ పెట్టినారు, తలుపుకొక గడి, గడికొక దీపం. సెక్యూరిటీ ఆయన పాత మిలిటరీ మనిషి. ప్యానెల్‌కి రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిచి బొట్టు పెట్టేవాడు. అంత భక్తిగా చూసుకున్నా అది రోజంతా ఏడ్చేది. ఒలిచే హాలు వెనక తలుపు మూయలేదు, వెనక తలుపు మూయలేదు అని ఒకటే కూత.

వెనక తలుపు అవతల క్రేట్లు కడిగే పెరడు. ఆడవాళ్ళు గంటకి పదిసార్లు తిరిగే దారి. చేతులకి తడి తొడుగులు, కార్డు ఏప్రాన్ లోపల మెడలో. దాన్ని బయటికి తియ్యాలంటే తొడుగు విప్పాలి, ఏప్రాన్ ముడి విప్పాలి, మళ్ళీ అన్నీ వేసుకుని చేతులు కడుక్కోవాలి. అందుకని తలుపు సందులో ఒక నీలం క్రేటు అడ్డం పెట్టి పని కానిచ్చేవాళ్ళు. నేను పోయి క్రేటు లాగేసేవాణ్ణి. నేను తిరిగొచ్చి కుర్చీలో కూర్చునేలోపల ప్యానెల్ మళ్ళీ మొదలు.

మేస్త్రీ అక్కని పిలిచి గట్టిగానే అడిగినాను. ఆమె కార్డు గొడవ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. "మా ఇంటాయన వాళ్ళు సముద్రం మీద ఉన్నన్ని రోజులు పడవలో గదికి గడియ పెట్టుకోరు సార్. గాలి కొట్టినా, వాన కొట్టినా పెట్టరు. ఏమన్నా అయితే గడియ తీసే టైము ఉండదని. మేం లోపలుండంగా తాళం పడే తలుపంటే నాకు సరిపడదు."

ఇది పడవ కాదు, ఫ్యాక్టరీ అన్నాను. ఆ సాయంత్రమే ఒక నోటీసు రాసి హాలు గోడకి అంటించినాను. తలుపుకి అడ్డం పెట్టినా, తాళాన్ని ముట్టుకున్నా పనిలోంచి తీసేస్తారని. కింద ఓనరు గారి సంతకం. భాష మాత్రం నాది. మంచి కటువుగా వచ్చిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

మర్నాటి నుంచి ప్యానెల్ నోరు మూసుకుంది. ఒక రోజు, రెండు రోజులు, రెండు వారాలు. వెనక తలుపు గడిలో మూసి ఉందని నిశ్చలంగా పచ్చ దీపం. నేను గేటు గదికి పోయి ఆ దీపం ముందు నిలబడి సెక్యూరిటీ ఆయనకి క్రమశిక్షణ గురించి పాఠాలు చెప్పేవాణ్ణి. మిలిటరీలో పదిహేనేళ్ళు చేసినాయనకి. పాపం, వినేవాడు.

అట్టా పాఠం చెప్తుండగానే ఆ రోజు వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయి గంట గడిచి ఉంటుంది. రొయ్యల్ని గడ్డకట్టించే మిషన్లకి అమ్మోనియా గ్యాసు కావాలి. ఆ గ్యాసు గదిలో ఒక వాల్వు దగ్గర లీకయింది. పెద్దదేం కాదని తర్వాత తేలింది. అప్పుడు ఎవరికి తెలుసు? ప్యానెల్ గ్యాసు, గ్యాసు అని మొత్తుకుంది. సైరన్ మోగింది. కళ్ళు మండించే ఆ వాసన గేటు దాకా వచ్చింది. గ్యాసు గది ఆపరేటరు తనకి నేర్పినట్టే మెయిన్ ఆపేసి, జనరేటరు కూడా రాకుండా చేసి బయటికి పరిగెత్తుకొచ్చినాడు. ఆఫీసు వాళ్ళు వచ్చినారు. ప్యాకింగ్ వాళ్ళు వచ్చినారు. ఒలిచే హాలు వాళ్ళు రాలేదు.

ముందు తలుపు తెరుచుకునేది ఆ గ్యాసు గది ఉన్న వరండాలోకే. అటు రావడానికి లేదు. మిగిలింది వెనక తలుపు. ప్యానెల్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి అది ఇంకా వెలుగుతోంది. వెనక తలుపు గడిలో పచ్చ దీపం, అదే నిశ్చలంగా.

సెక్యూరిటీ ఆయన నెమ్మదిగానే అన్నాడు. "కరెంటు లేదు సార్. ఇప్పుడు కార్డు పన్జెయ్యదు."

చదవని కాగితం, వినని మాట, నవ్విన నవ్వు, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. కరెంటు పోయినా బిగిసి ఉండే తాళాన్ని ఏరి కోరి, మురిసిపోయి కొన్నది నేను. నొక్కితే తెరుచుకునే పచ్చ డబ్బాని గీత కొట్టింది నేను. లోపల నలభై మంది.

తాళాలకి చేత్తో తిప్పే తాళంచెవి ఒకటి ఉంది. ఎవర్నీ నమ్మకుండా దాన్ని నా టేబుల్ సొరుగులో పెట్టి, సొరుగుకి తాళమేసి, ఆ తాళంచెవి నా బీరువాలో పెట్టి, బీరువా తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాణ్ణి. వయసు యాభై ఆరు. పొట్ట మీకు చెప్పక్కర్లేదు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆఫీసులోకి పరిగెత్తి రెండు తాళాలు తియ్యడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. తొందరలో బీరువా తాళంచెవి రెండుసార్లు జారి కింద పడింది. మా నాయన దించిన షట్టరు బయట మెట్టు మీద నిలబడ్డ పిల్లోడు ఆ క్షణంలో నాకు చాలా స్పష్టంగా కనబడినాడు.

తాళంచెవి పట్టుకుని ఫ్యాక్టరీ చుట్టూ తిరిగి, రొప్పుతూ వెనక పెరట్లోకి పోయినాను.

నలభై మందీ అక్కడే ఉన్నారు. గాలి వచ్చే వైపుకి, గోడ పక్కన, తడి గుడ్డలు ముక్కులకి పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఇద్దరు ముగ్గురు దగ్గుతున్నారు, ఒకమ్మాయి కళ్ళల్లో నీళ్ళు కొట్టుకుంటోంది. మేస్త్రీ అక్క వేలు చూపిస్తూ తలలు లెక్కపెడుతోంది. లెక్క పూర్తయ్యేదాకా నా వైపు చూడలేదు. అయినాక చూసింది.

"ఏంది సార్ అట్టా పరిగెత్తుకొస్తుండారు? ఆడిట్ వాళ్ళొచ్చినారా?"

 అక్కడున్న క్రేటు మీద కూలబడినాను. తలుపు ఎట్టా తెరుచుకుందని కాసేపటికి అడిగితే, "తోసినాం. వచ్చింది" అంది. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు.

వాసన తగ్గినాక తలుపు దగ్గరికి పోయి చూసినాను. తాళం బోల్టు వచ్చి దూరాల్సిన బొక్క ఫ్రేములో ఉంటుంది గదా, దాన్నిండా నల్లటి రబ్బరు ముక్క. పాత గమ్‌బూటు మడమ నుంచి కోసి, కొలతకి సరిగ్గా చెక్కి కూరినారు. బోల్టు బయటికి రాబోయి దానికి తగిలి ఆగిపోయి ఉంది. వదిలితే తలుపు దానంతట అదే మూసుకుంటుంది, తాళం మాత్రం పడదు. మూసి ఉందో లేదో చూసే అయస్కాంతం మూసే ఉందని నిజాయితీగానే చెప్పింది. తాళం పడిందో లేదో చూసే సెన్సర్ ఉండుంటే రెండు వారాల క్రితమే ఈ రబ్బరు ముక్క దొరికిపోయి ఉండేది. దాన్ని కొట్టేసింది కూడా నేనే. అంటే, డబ్బు మిగల్చాలని నేను మార్చిన ఒక వస్తువు నలభై మందిని లోపల పెట్టి తాళమెయ్యబోతే, డబ్బు మిగల్చాలని నేను కొట్టేసిన ఇంకో వస్తువు వాళ్ళని బయటికి వదిలింది. ఇంత చక్కటి బేరం మా వంశంలో ఎవరూ చేసి ఉండరు.

సాయంత్రానికి ఓనరు గారు నెల్లూరు నుంచి వచ్చినాడు. అందర్నీ పలకరించినాడు, దగ్గుతున్నవాళ్ళని ఆస్పత్రికి కారులో పంపినాడు. అంతా సర్దుకున్నాక ఎవరో ఆయనకి రబ్బరు ముక్క చూపించినారు. వారంలో ఆడిట్ ఉంది. తాళాన్ని చెడగొట్టినారని వాళ్ళకి తెలిస్తే సరుకు ఆపేస్తారని ఆయన భయం. "నోటీసు పెట్టినాక కూడా చేసినారంటే ఊరుకోలేం గదా. ఎవరో కనుక్కుని, పనిలోంచి తీసేస్తున్నట్టు పొద్దున్నే కాగితం పెట్టు" అని నాతో చెప్పినాడు.

కనుక్కునే శ్రమ నాకివ్వలేదు మేస్త్రీ అక్క. తనే వచ్చి నా గది గుమ్మంలో నిలబడింది. "మీరు కాగితం రాసుకోండి సార్. కోసింది నేనే, కూరింది నేనే. మిగతావాళ్ళని కదిలించొద్దు" అంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ హాల్లో నిలబడిన మనిషి. భర్తకి వేట లేని నెలల్లో ఆ ఇల్లు నడిచేది ఈమె పని మీదే. ఎప్పుడూ నా మీదికి వచ్చే ఆ గొంతులో ఆ రోజు వెటకారం లేదు. అది లేకపోవడం నాకు అమ్మోనియా కంటే ఘాటుగా తగిలింది.

ఆమె పోయినాక కాగితం రాయడానికి పాత ఫైలు తీసినాను. అడుగున చీపుర్ల జాబితా. తిప్పితే, ఆ ఇంజినీరమ్మాయి గుండ్రటి అక్షరాలు. అప్పుడు చదివినాను. జోన్ దగ్గర్నుంచి ఒక్కో మాటా, చిన్నపిల్లలకి చెప్పినట్టు. తాళాల మాట దగ్గర ఆగిపోయినాను. నా కోసమే రాసినట్టుంది. "ఫెయిల్ సెక్యూర్: కరెంటు పోతే సరుకు భద్రం. ఫెయిల్ సేఫ్: కరెంటు పోతే మనిషి భద్రం. రెండూ మంచి తాళాలే. లోపల ఏముందో చూసుకుని కొనాలి."

రొయ్యల్ని చూసి కొన్నాను నేను.

కాగితం రాయలేదు. ఆ రెండు పేజీలూ, ఎర్ర గీతలున్న కొటేషనూ, నా నిండు సంతకం ఉన్న కాగితమూ తీసుకుని ఓనరు గారి దగ్గరికి పోయినాను. గీత గీతకీ వేలు పెట్టి చూపించినాను. ఇది తెరిచే డబ్బా, కొట్టేసినాను. ఇది తాళం సంగతి చెప్పేది, కొట్టేసినాను. ఇది మనుషుల తాళం, దీన్ని మార్చి సరుకు తాళం కొన్నాను. తాళాన్ని చెడగొట్టినవాళ్ళని తీసెయ్యాలంటే మొదట చెడగొట్టింది నేను, అదీ ఎర్ర కలంతో. ఆమె రబ్బరు ముక్కతో దాన్ని బాగుచేసింది అన్నాను.

ఆయన కాగితాలు దగ్గరికి లాక్కుని గీతలన్నీ మళ్ళీ మొదట్నుంచి చూసినాడు. బయటికి కూడా కార్డు పెట్టించమన్నది ఎవరో ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది. నేను గుర్తు చెయ్యలేదు. బేరంలో ఎక్కడ ఆగాలో కూడా తెలిసి ఉండాలి.

"ఇప్పుడేం చేద్దామంటావు?" అన్నాడు చివరికి.

"నోటీసు చించేద్దాం. ఆడిట్ వాళ్ళకి జరిగింది జరిగినట్టు చెబుదాం. ఆ అమ్మాయి మొదట ఇచ్చిన కొటేషన్ ఉన్నదున్నట్టు ఆర్డరు పెడదాం."

"తగ్గించకుండానా?"

"తగ్గించకుండానే."

ఆయన కళ్ళద్దాలు తీసి నా ముఖంలోకి చూసినాడు. "నువ్వు కూడా ఆస్పత్రికి పోయి చూపించుకో. గ్యాసు తలకెక్కినట్టుంది."

మేస్త్రీ అక్క పని నిలబడింది. నాకు మాత్రం ఓనరు గారు శిక్ష వేసినాడు. ఆ రెండు పేజీల్ని పెరట్లో అందరి ముందూ నిలబడి నేనే చదివి వినిపించాలని. మర్నాడు పని మొదలయ్యే ముందు క్రేటు మీదికెక్కి చదివినాను. నలభై జతల కళ్ళు. ఎర్ర డబ్బా అయింది, పచ్చ డబ్బా అయింది. వెనక వరసలోంచి మేస్త్రీ అక్క చెయ్యెత్తింది. వెటకారం తిరిగొచ్చింది ఆ గొంతులోకి. "సార్, నాకొక డౌటు. ఇంత మంచి పచ్చ డబ్బా మనకెందుకు రాలేదు సార్?"

"నేను కొట్టేసినాను కాబట్టి."

"వినబళ్ళేదు సార్. మిషన్ల మోత."

మిషన్లు ఇంకా మొదలెట్టనే లేదు. నేను మళ్ళీ చెప్పినాను, గట్టిగా. ముక్కుగుడ్డల వెనక నలభై మంది ఎట్టా నవ్వుతారో ఆ రోజు చూసినాను. భుజాలు ఊగుతాయి.

ఇంజినీరమ్మాయి మళ్ళీ వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. బయటికి పోయే వైపు కార్డులు తీసేసి, తోస్తే తెరుచుకునే అడ్డకడ్డీలు పెట్టమని ఆమే చెప్పింది, పెట్టించినాం. పచ్చ డబ్బాలు వచ్చినాయి. అన్నీ బిగించినాక పరీక్ష చెయ్యాలి. తలుపులన్నీ మూసి, అడ్డకడ్డీలు ముట్టుకోకుండా మెయిన్ ఆపి, తాళాలు వాటంతట అవే ఊడుతున్నాయో లేదో చూడటం. లోపల ఎవరుండాలి అంటే నేనుంటానన్నాను. ఆమె వద్దనలేదు. వద్దంటుందేమోనని కొంచెం ఆశపడ్డ మాట నిజం.

ఖాళీ హాల్లో ఒక్కణ్ణే నిలబడినాను. తడి నేల, ఐసు వాసన, వెనక తలుపుకి కొత్త తాళం. బయట నుంచి మేస్త్రీ అక్క గొంతు వినబడింది. "సార్, లోపల బాగుండాదా? తలుపు తీస్తే ఎంతిస్తారో ముందు చెప్పండి."

"నువ్వు ఎంతడిగితే అంత" అన్నాను.

 "ఏమ్మే, సారు బేరం చెయ్యకుండా ఒప్పుకున్నాడు" అని ఆమె ఎవరితోనో అనడం వినబడింది. "నిజంగానే భయపడినట్టుండాడు. ఆపెయ్యండి, ఆపెయ్యండి కరెంటు."

దీపాలన్నీ ఆరిపోయినాయి. చీకట్లో, నా ఎదురుగా ఉన్న తలుపులో, బోల్టు టక్కుమని వెనక్కి పోయిన చప్పుడు. తాళాల కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, తాళం పడే చప్పుడుకి నిద్రపోయి, తాళం పడే చప్పుడుకి లేచినవాణ్ణి. తాళం ఊడే చప్పుడు అంత బాగుంటుందని నాకు తెలియదు. వేలితో నెట్టినాను. తలుపు తెరుచుకుంది, ఎండ లోపలికి వచ్చింది, ఎండలో మేస్త్రీ అక్క చెయ్యి చాపి నిలబడి ఉంది.

"ఏంది?" అన్నాను.

"చేతి తొడుగులు సార్. మంచివి. ఒప్పుకున్నారు గదా."

ఆ నెల తొడుగుల ఆర్డరు మీద నేను ఎర్ర కలం ముట్టలేదు.